ఎండ యెవరి పక్షము?

2023వ సంవత్సరము డిసెంబరులో, అమెరికాయందలి కొలంబస్ నగరమున చదువుకొనుచున్న మా మేనల్లుడు నాకొక జాబు వ్రాసెను. ఆ నగరము ఓహాయో రాష్ట్రములోనిది. అచటి విశ్వవిద్యాలయపు జట్టు ఫుట్‌బాల్ ఆటలో మిగుల పేరు గన్నది. "మామయ్యా! మావారు నవంబరు చలిలో గెలిచి, తుదిపరీక్షకు మాత్రము కాలిఫోర్నియా యెండకో ఫ్లోరిడా యుక్కకో పోవలయును. దక్షిణాది జట్లు మా మంచులోనికి రానక్కరలేదు. ఇది న్యాయమేనా? మీరు శరీరధర్మశాస్త్రము బోధించినవారు గదా, తేల్చి చెప్పుడు" అని వాడు వ్రాసెను. నేను ముప్పది యేండ్లు ఆ శాస్త్రమును బోధించితిని గాని ఆ యాటను కన్నులార చూచినవాడను గాను. అయినను ప్రశ్న నన్ను విడువలేదు. దాని కూర్చిన సమాధానమునే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాను.

ఆ దేశమున ఫుట్‌బాల్ అనగా బంతిని కాలితో తన్ను ఆట కాదు. రెండు కొనలు కోసుగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఎదిరిపక్షమువారిని త్రోసికొనుచు ఆడెదరు. తలకు శిరస్త్రాణము, భుజములకు దట్టపు మెత్తలు ధరింతురు. ఆగస్టు తుదినుండి నవంబరు తుదివరకు కళాశాలల జట్లు తమతమ యూళ్లలో ఆడికొనును. పిమ్మట డిసెంబరు, జనవరి మాసములలో శ్రేష్ఠములైన జట్లకు ప్రత్యేకపు పోటీలు జరుగును. వీనికి 'బౌల్' ఆటలని పేరు. బౌల్ అనగా గిన్నె. 1922లో పాసడీనా నగరమున గిన్నెవంటి యాకారముతో కట్టిన క్రీడారంగమునకు 'రోజ్ బౌల్' అను పేరు వచ్చెను. దానిని చూచి తక్కిన నగరములవారును తమ పోటీలకు అట్టి పేర్లే పెట్టుకొనిరి. మయామిలో నారింజ, న్యూ ఆర్లియన్సులో చక్కెర, డాలసులో ప్రత్తి, ఎల్ పాసోలో సూర్యుడు! ఈ పేర్లను వినినంతనే అవి వెచ్చని సీమల పేర్లని తెలియుచునే యున్నది గదా.

ఇది కాకతాళీయము కాదు. పాసడీనాలోని వ్యాలీ హంట్ క్లబ్బువారు 1890వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఒక పూలపండుగ నారంభించిరి. తూర్పు రాష్ట్రములు మంచులో మునిగియుండగా తమ యూర గులాబీలు పూయుచున్నవని లోకమునకు చాటుటయే వారి యుద్దేశము. ఆ పండుగకు జనమును రప్పించుటకై 1902లో ఫుట్‌బాల్ పోటీని చేర్చిరి. మయామి, న్యూ ఆర్లియన్సు నగరములవారును 1935లో చలికాలపు యాత్రికులను రప్పించుటకే తమ పోటీలను ప్రారంభించిరి. అనగా ఈ పోటీలు ఎండకొరకే పుట్టినవి. న్యాయాన్యాయములను తూచి స్థలమును నిర్ణయించినవారు లేరు. హోటళ్లను, రైళ్లను, సూర్యుని చూచి నిర్ణయించిరి.

ఇక శరీరమేమనుచున్నదో విచారింతము. కండరము పనిచేయునపుడు వ్యయమగు శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు వేడిగా మారును. ఆ వేడిని చెమట ఆవిరియై తీసికొనిపోవలెను. గాలిలో తేమ హెచ్చైనచో చెమట ఆరదు. మెత్తలును శిరస్త్రాణమును ఆ వేడిని లోపలనే బంధించును. అయితే శరీరము నేర్చుకొనును. రోజును ఎండలో శ్రమించినయెడల 10 మొదలు 14 దినములలో రక్తమందలి ద్రవము పెరుగును, చెమట త్వరగా పట్టును, చెమటతో పోవు ఉప్పు తగ్గును. రోళ్లు పగులు రోహిణికార్తెలో మన రైతు దున్నగలుగుటకును, చలిసీమనుండి ఆనాడే దిగినవాడు సొమ్మసిల్లుటకును కారణమిదియే. ఈ అలవాటు ఎండకు దూరమైన కొన్ని వారములలో తిరిగి పోవును. కాబట్టి ఆగస్టు ఎండలో సాధన చేసిన ఓహాయో యువకునికి జనవరినాటికి ఆ బలము మిగిలియుండదు.

అయినను ఇచట ఒక సంగతి మరువరాదు. జనవరి మధ్యాహ్నమున పాసడీనాలో ఉష్ణము సామాన్యముగా 20 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతముననే యుండును. అది మన సంక్రాంతినాటి పగటికంటె చల్లన. ఆ వేడిమికి ఆరోగ్యవంతుడగు యువకుడు కూలిపోడు. మయామి తేమ కొంత బాధించును గాని అదియు గ్రీష్మము కాదు. మా మేనల్లుడు ఎండను నిందించినంతగా ఎండ దోషి కాదని నాకు తోచినది.

చలి కథ వేరు. వ్రేళ్లు చల్లబడినచో వాని నేర్పు తగ్గును. బంతి పట్టు జారును. బంతిలోని గాలియు సంకోచించును. చదరపు అంగుళమునకు 13 పౌనుల ఒత్తిడితో 21 డిగ్రీల గదిలో నింపిన బంతిని గడ్డకట్టు చలిలోనికి తెచ్చినచో ఒత్తిడి సుమారు 2 పౌనులు తగ్గును. మరియు మనుష్యశరీరము ఎండకు నేర్చుకొన్నంతగా చలికి నేర్చుకొనదు. అందులకు కావలసినవి తగిన దుస్తులు, ఉపాయము, అభ్యాసము. కావున శీతోష్ణస్థితివలన లాభమనునది ఉన్నయెడల, అది ఉత్తరపు మంచులోనే హెచ్చుగా నుండవలెను. చిత్రమేమనగా 2024కు ముందు ఆ మంచులో తుదిపోటీలు జరుగుటయే లేదు!

శాస్త్రము చెప్పినదానిని చరిత్రతో సరిచూతము. 1902లో పాసడీనాకు మంచుసీమయగు మిషిగనునుండి జట్టు వచ్చి, కాలిఫోర్నియాకు చెందిన స్టాన్‌ఫర్డు జట్టును 49-0గా ఓడించెను. ఇంక 8 నిమిషములుండగనే స్టాన్‌ఫర్డువారు చాలునని ఆట మానిరి. 1935 జనవరి 1వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునుండి రెండు జట్లు దక్షిణమునకు పోయెను. బక్‌నెల్ జట్టు మయామిని మయామిలోనే 26-0గా గెలిచెను. టెంపుల్ జట్టు న్యూ ఆర్లియన్సులో ఆ యూరి టులేను జట్టుచేత 20-14గా ఓడెను. ఒకే రాష్ట్రము, ఒకే దినము, ఒకే విధమైన ప్రయాణము, ఫలితములు రెండు.

ఇంతకంటె గట్టి సాక్ష్యమొకటి గలదు. 1947 మొదలు నేడు 'బిగ్ టెన్' అని పిలువబడు ఉత్తరపు కూటమిలోని జట్టును, పసిఫిక్ తీరపు జట్టును పాసడీనాలో చాల యేండ్లు ఏటేట తలపడినవి. 1947 నుండి 1959 వరకు జరిగిన 13 పోటీలలో ఉత్తరపువారు 12 గెలిచిరి. 1970 నుండి 1980 వరకు జరిగిన 11 పోటీలలో వారు గెలిచినది ఒక్కటే, 1974లో. ఎండ అదే, పచ్చిక అదే, ప్రయాణదూరమును అదే. విమానములు వచ్చి ప్రయాణము సులభమైన కాలముననే ఓటములు పెరిగినవి. కావున మారినది ఎండ కాదు, ఆటగాండ్రు. అయితే చలి వెనుకదారిని కొంత పనిచేసియుండవచ్చునని నా యూహ. ఆ కాలమున ఓహాయో శిక్షకుడగు వుడీ హేస్ బంతిని విసరుటకంటె పట్టుకొని పరుగెత్తుటనే మెచ్చుకొనెడివాడు. తడి, చలి గల శరత్కాలమున అది వివేకము. పొడి నేలపై విసరుటలో నిపుణులగు ప్రత్యర్థులయెదుట అది కొరతయై యుండును.

స్వస్థలబలమును గూర్చియు ఒక మాట. 1941 డిసెంబరులో పెరల్ హార్బరుపై దాడి జరిగిన తరువాత, పసిఫిక్ తీరమున జనము గుమిగూడుట ప్రమాదమని 1942 నాటి రోజ్ బౌల్ పోటీని ఉత్తర కరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు మైదానమునకు మార్చిరి. డ్యూక్ జట్టు తన యింటనే ఆరెగాన్ స్టేట్ జట్టుచేత 20-16గా ఓడెను. 1979 జనవరి 1వ తేదీన డాలసులో ప్రత్తిపేరిటి పోటీనాడు మంచుగాలి విసరెను. టెక్సాసువారగు హ్యూస్టన్ జట్టుపై ఆడుచున్న నోటర్‌డామ్ జట్టు ఉత్తరపుదే. అయినను ఆ జట్టు నాయకుడగు జో మోంటానాకే శరీరపు వేడి పడిపోయెను. కంబళ్లు కప్పి, కోడిమాంసపు చారు త్రాగించి లేపవలసి వచ్చెను. చలిదేశమున నివసించినంతమాత్రమున చలి మన్నించదు! అతడు తిరిగివచ్చి, 34-12గా వెనుకబడిన జట్టును 35-34గా గెలిపించెను.

మా మేనల్లుని మొర యొకవిధముగా 2024లో ఫలించినది. ఆ యేడు 12 జట్లతో తుదిపోటీలనేర్పరచి, మొదటి వరుస ఆటలను మేటి స్థానముగల జట్ల స్వస్థలములందే జరిపిరి. డిసెంబరు 21వ రాత్రి, గడ్డకట్టు చలిలో, కొలంబసునందే వారి జట్టు దక్షిణపు టెనెసీ జట్టును 42-17గా గెలిచెను. "చూచితిరా మామయ్యా, మంచు ఏమి చేసెనో!" అని వాడు మరల వ్రాసెను. నేను తక్కిన మూడు పోటీలను చూడుమంటిని. పెన్ స్టేట్ డాలసు జట్టును చలిలో గెలిచినమాట నిజమే. కాని నోటర్‌డామ్, ఇండియానా జట్లు రెండును చలిసీమవే. ఆస్టినులో తలపడిన టెక్సాసు, క్లెమ్సన్ జట్లు రెండును వెచ్చనిసీమవే. నాలుగింటను గెలిచినది ఇంటివారే. వారే మేటి స్థానమువారును. పైగా కొలంబసు జట్టు పిదప పాసడీనా యెండలో ఆరెగానును 41-21గా గెలిచి, 2025 జనవరి 20వ తేదీన అట్లాంటాలో కప్పుగల క్రీడారంగమున నోటర్‌డామును 34-23గా ఓడించి విజేత యయ్యెను.

కాబట్టి వానికి నేను వ్రాసిన తీర్పిది. ఎండ, చలి కొంచెము లాభమిచ్చును. సమబలులకది చాలును, మేటికి అడ్డురాదు. కాని నీ మొర వ్యర్థము కాదు. ఏండ్లతరబడి ఒక పక్షమే మూట గట్టుకొని ప్రయాణమై, రెండవ పక్షము తన వారినడుమ నిలిచి యాడుట సమత కాదు. సూర్యుని ఎవరును సమముగా పంచలేరు. ప్రయాణపు బరువును పంచవచ్చును. మనుష్యుల చేతిలోనున్న న్యాయమంతయు అదియే. 2024లో దానిలో ఒక పాలు నెరవేరినది, తక్కిన పాలు ఇంకను మిగిలియున్నది.