అటకెక్కిన సింథసైజర్ రికార్డులు మళ్లీ ఎందుకు తిరుగుతున్నాయి?

పది రాగాలు, ఒకే ఒక్క డిస్కో తాళం. తబలా లేదు, సితార్ లేదు. 1982లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా తన హెచ్‌ఎంవీ ముద్రతో విడుదల చేసిన ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అనే ఎల్‌పీ రికార్డును ఆనాటి శ్రోతలు దాదాపుగా పట్టించుకోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డు సేకర్త ఢిల్లీలోని ఒక పాత రికార్డుల దుకాణంలో దాన్ని చూశారు. ఆ తర్వాత ముంబయి వెళ్లి, దాన్ని వాయించిన చరణ్‌జిత్ సింగ్‌ను కలుసుకున్నారు. 2010లో తన ‘బాంబే కనెక్షన్’ సంస్థ ద్వారా ఆ రికార్డును మళ్లీ మార్కెట్లోకి తెచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లపాటు ఎవరికీ పట్టని సంగీతం కొద్ది నెలల్లోనే ఐరోపా, అమెరికా సంగీత పత్రికలలో చర్చనీయాంశమైంది.

ఇది ఒక్క రికార్డు కథ మాత్రమే కాదు. గత రెండు దశాబ్దాలుగా, 1970ల చివర, 1980లలో చిన్న సంస్థలు కొద్ది ప్రతులలో విడుదల చేసి వదిలేసిన సింథసైజర్ సంగీతం, పోస్ట్-పంక్ సంగీతం వరుసగా పునర్విడుదల అవుతున్నాయి. ఈ ధోరణి ఎలా మొదలైంది, మన దేశం దాకా ఎలా వచ్చింది, ఇందులో ఎవరికి ఏమి దక్కుతోంది అన్నవి తెలుసుకోదగిన విషయాలు.

1976-77లలో బ్రిటన్‌లో పంక్ సంగీతం పెద్ద కంపెనీల మీద, ఆడంబరమైన రాక్ సంగీతం మీద తిరుగుబాటుగా వచ్చింది. ఆ వేడి రెండేళ్లలో చల్లారినా, అది నేర్పిన ధైర్యం మాత్రం మిగిలింది. సంగీతం చేయాలంటే ఏళ్ల తరబడి శిక్షణ అక్కరలేదు, రికార్డు వేయాలంటే పెద్ద కంపెనీ అక్కరలేదు అన్న నమ్మకంతో వచ్చిన తరువాతి తరాన్నే పోస్ట్-పంక్ అంటున్నారు. అదే సమయానికి జపాన్ కంపెనీలు చిన్న, చవకైన సింథసైజర్లను అమ్మడం ప్రారంభించాయి. అంతకుముందు సింథసైజర్ అంటే గోడంత యంత్రం. విశ్వవిద్యాలయాలకు, సంపన్న బృందాలకు మాత్రమే అందేది. లండన్‌లో డేనియల్ మిల్లర్ అనే యువకుడు ఒక కోర్గ్ సింథసైజర్‌తో ఇంట్లోనే రెండు పాటలు రికార్డు చేసి, 1978లో ‘ది నార్మల్’ అనే పేరుతో తానే విడుదల చేశాడు. ఆ ఒక్క చిన్న రికార్డుతో మొదలైన మ్యూట్ రికార్డ్స్ తర్వాతి కాలంలో పెద్ద సంస్థగా ఎదిగింది. షెఫీల్డ్‌లో కాబరే వోల్టేర్, హ్యూమన్ లీగ్ వంటి బృందాలు ఇదే దారిన నడిచాయి. బెల్జియం, ఫ్రాన్స్, జర్మనీలలో ఇంకా అనామకంగా, క్యాసెట్ల మీద నకళ్లు తీసి తపాలాలో పంచుకున్న యువకులు ఎందరో ఉన్నారు.

ఆ అనామకుల కోసమే పునర్విడుదల సంస్థలు పుట్టాయి. న్యూయార్క్‌లో వెరోనికా వాసిచ్కా 2005లో ‘మినిమల్ వేవ్’ సంస్థను, శాన్‌ఫ్రాన్సిస్కోలో జాష్ షాన్ 2009లో ‘డార్క్ ఎంట్రీస్’ సంస్థను స్థాపించారు. అరుదైన క్యాసెట్లను, చిన్న రికార్డులను వెతికి, వాటి కర్తలను గుర్తించి, అనుమతి తీసుకొని, కొన్ని వందల నుంచి కొన్ని వేల ప్రతుల వరకు వినైల్ రికార్డులుగా ముద్రించడం వీరి పని. ఈ అన్వేషణ ఐరోపాతో ఆగలేదు. అదే కాలంలో అవే జపాన్ యంత్రాలు సింగపూర్, దుబాయి మార్కెట్ల మీదుగా బొంబాయికి, మద్రాసుకు, కలకత్తాకు కూడా చేరాయి మరి.

చరణ్‌జిత్ సింగ్ ఆ యంత్రాలను తెచ్చుకున్నది సింగపూర్ నుంచే. ఆయన హిందీ సినిమా వాద్యబృందాలలో బేస్ గిటారు, ట్రాన్సికార్డ్, సింథసైజర్ వాయించిన కళాకారుడు. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ వంటి సంగీత దర్శకుల వద్ద పనిచేసినా, సినిమా టైటిళ్లలో పేరు కనిపించని వందలాది వాద్యకారులలో ఆయన ఒకరు. అప్పట్లో ‘ఖుర్బానీ’ పాటలతో, నాజియా హసన్ ‘డిస్కో దీవానే’తో దేశమంతటా డిస్కో హోరు. సినిమాలలో ఇంత డిస్కో ఉన్నప్పుడు అదే తాళానికి రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనే ఈ రికార్డుకు మూలమని ఆయన తర్వాతి కాలంలో చెప్పారు.

ఆయన వాడినవి మూడు రోలాండ్ యంత్రాలు. టీఆర్-808 తాళం వేస్తుంది. జూపిటర్-8 రాగాన్ని పలుకుతుంది. టీబీ-303 అన్న చిన్న వెండి రంగు పెట్టె మంద్రస్థాయిలో ఆవృత్తంగా స్వరాలు వాయిస్తుంది. ఈ మూడోదాని కథ ఆసక్తికరమైనది. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు కళాకారులకు బేస్ తోడుగా ఉండాలని దాన్ని తయారు చేశారు. కాని దాని ధ్వని నిజమైన బేస్ గిటారులా లేదు; మూడేళ్లు తిరగకుండానే ఉత్పత్తి నిలిపివేశారు. పాత సామాన్ల దుకాణాలలో చవకగా దొరికిన ఆ పెట్టెనే షికాగోలో ఫ్యూచర్ అనే బృందం తీసుకొని, దాని మరలను అటూ ఇటూ తిప్పుతూ ఒక వింత శబ్దాన్ని పుట్టించింది. 1987లో వచ్చిన ఆ ‘యాసిడ్ ట్రాక్స్’ రికార్డుతో యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీతశాఖ మొదలైందని చరిత్రకారులు రాస్తారు.

అందుకే 1982 నాటి బొంబాయి రికార్డులో అదే శబ్దం వినిపించేసరికి పాశ్చాత్య శ్రోతలు నివ్వెరపోయారు. ఎవరో ఆధునిక కళాకారుడు మారుపేరుతో చేసిన తుంటరి పని కావచ్చునని అనుమానించినవారూ ఉన్నారు. చరణ్‌జిత్ సింగ్ స్వయంగా ముందుకు వచ్చాక ఆ సందేహం తీరిపోయింది.

అయితే ‘యాసిడ్ హౌస్ పుట్టింది బొంబాయిలో’ అని గర్వంగా చెప్పుకోవడం తొందరపాటు అవుతుంది. షికాగో యువకులకు ఈ రికార్డు సంగతి తెలియదు. ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. పనితీరు కూడా వేరు. షికాగోలో స్వరం ముఖ్యం కాదు, ధ్వని రంగు మారుతూ ఉండటం ముఖ్యం. చరణ్‌జిత్ సింగ్‌కు రాగం ముఖ్యం. 303లో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే సౌకర్యం ఉంది. పాశ్చాత్య సంగీతకారునికి అది ఒక అలంకారం. మన సంగీతకారునికి అది మీండ్‌కు, గమకానికి దగ్గరి చుట్టం. ఆ యంత్రం ఆయన చేతిలో ఎందుకు అంత సహజంగా పలికిందో ఇది కొంతవరకు వివరిస్తుంది. ఎవరు ముందు అన్న వాదన కన్నా ఈ విషయమే నాకు విలువైనదిగా తోస్తుంది.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ పది రాగాలు పూర్తిగా కొత్తవి కావు. భైరవ్‌లో మన మాయామాళవగౌళ, భూపాలీలో మోహనం, యమన్‌లో కల్యాణి, కళావతిలో వలజి, మాల్‌కౌంస్‌లో హిందోళం, బైరాగీలో రేవతి ఛాయలు వినిపిస్తాయి. తోడి విషయంలో మాత్రం పేరు చూసి మోసపోరాదు; హిందుస్థానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. లలిత్, మధువంతి, మేఘ్ మల్హార్ మిగిలినవి.

మన దేశంలో సింథసైజర్ చరిత్ర ఇంకా వెనక్కి వెళుతుందని మరో విడుదల తేల్చింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలసింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌ను అక్కడ నెలకొల్పారు. దీని వెనుక సారాభాయి కుటుంబం ఉంది. పఖావజ్ నేర్చిన గీతా సారాభాయి 1940లలోనే న్యూయార్క్ వెళ్లి, జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం గురించి బోధించి, ఆయన వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ స్టూడియోలో ప్రయోగాలు చేశారు. 1972 నాటికి ఆ కార్యకలాపం ఆగిపోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటన్‌కు చెందిన కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీసి, 2020లో బీబీసీ రేడియో 3కి ఒక కార్యక్రమం చేశారు. 2023లో ‘ది ఎన్‌ఐడీ టేప్స్’ పేరుతో అవి తొలిసారి రికార్డుగా వచ్చాయి. ఇది పునర్విడుదల కూడా కాదు. యాభై ఏళ్లు ఆలస్యమైన తొలి విడుదల.

కలకత్తా గాయని రూపా బిశ్వాస్ కథ మరొక రకం. ఆమె కెనడాలోని కాల్గరీలో ఆశిష్ ఖాన్ సరోద్, ప్రాణేశ్ ఖాన్ తబలా సహకారంతో ‘డిస్కో జాజ్’ రికార్డు చేశారు. 1982లో మెగాఫోన్ సంస్థ దాన్ని విడుదల చేసింది. ఆదరణ లేకపోయింది. ఆమె గృహ జీవితంలోకి వెళ్లిపోయారు. దశాబ్దాల తర్వాత కుమారుడు ఇంటర్నెట్‌లో వెతికి, తల్లి రికార్డు పాత ప్రతులకు విదేశాలలో పెద్ద ధర పలుకుతోందని, ‘ఆజ్ శనిబార్’ పాటను లక్షల మంది వింటున్నారని కనుగొన్నారు. 2019లో షికాగోకు చెందిన న్యూమెరో గ్రూప్ సంస్థ దాన్ని అధికారికంగా పునర్విడుదల చేసింది. లాస్ ఏంజెలిస్‌లోని నయా బీట్ సంస్థ 1983-1992 మధ్య దక్షిణాసియా ఎలక్ట్రానిక్, నృత్య సంగీతాన్ని ఏరి 2021లో ఒక సంకలనం తెచ్చింది. దక్షిణాది కూడా ఈ పటంలో ఉంది: ఇళయరాజా తమిళ సినిమా పాటలను ఎలక్ట్రానిక్ సంగీతం కోణంలో ఏరి బ్రిటన్ సంస్థ ఫైండర్స్ కీపర్స్ సంకలనాలుగా వెలువరించింది. 1986 నాటి ‘పున్నగై మన్నన్’లోని సింథసైజర్ సంగీతం తెలుగువారికి ‘డాన్స్ మాస్టర్’ రూపంలో సుపరిచితమే.

పునర్విడుదల అంటే పాత రికార్డుకు నకలు తీయడం అనుకుంటే పొరపాటు. ముందు మూలం కావాలి. మాస్టర్ టేపు దొరికితే అదృష్టం. 1970లు, 80లలో తయారైన కొన్ని రకాల టేపులలో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. అలాగే తిప్పితే టేపు అతుక్కొని పొర ఊడివస్తుంది. అందువల్ల సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి, వెంటనే డిజిటల్ ప్రతి తీస్తారు. తీరప్రాంత నగరాల ఉక్కపోతలో నలభై ఏళ్లున్న టేపుల స్థితి ఊహించవచ్చు. టేపు దొరకకపోతే, బాగున్న పాత రికార్డు నుంచే శబ్దాన్ని తీసుకొని గీతల చప్పుడును శుభ్రం చేస్తారు. తర్వాత ఆ శబ్దాన్ని లక్కపూత పూసిన అల్యూమినియం పలక మీద గాడిగా చెక్కాలి. ప్రపంచంలో ఈ పలకలు చేసే కర్మాగారాలు రెండే ఉండేవి. వాటిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ 2020 ఫిబ్రవరిలో అగ్నికి ఆహుతైంది. జపాన్‌లో మరొకటి మిగిలింది. చిన్న సంస్థల విడుదల తేదీలు నెలల తరబడి వాయిదా పడటానికి ఇదీ ఒక కారణం.

అసలు చిక్కు హక్కుల దగ్గర ఉంది. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1982 నాటి రికార్డు 2042 చివరి వరకు హక్కుదారు అనుమతి లేనిదే ఎవరూ ముద్రించరాదు. ఆ హక్కుదారు చాలా సందర్భాలలో వాయించిన వ్యక్తి కాదు, కంపెనీ. నాటి గ్రామఫోన్ కంపెనీ నేటి సారెగమ. 2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ హక్కును బలపరిచింది. ప్రదర్శకులకు కూడా వాణిజ్య వినియోగంలో రాయల్టీ పొందే హక్కును గుర్తించింది. కాని రోజు కూలి లెక్కన స్టూడియోకు వెళ్లి వాయించి వచ్చిన సినిమా వాద్యకారుల పేర్లు చాలాసార్లు కాగితం మీదే లేవు. ఎవరు వాయించారో తెలియనప్పుడు ఎవరికి చెల్లిస్తారు?

చిన్న కంపెనీలు మూతపడితే పరిస్థితి ఇంకా జటిలం. హక్కులు ఎవరికి చేరాయో తెలియదు. టేపులు పాత సామాన్ల వారికి పోయి ఉండవచ్చు. ఈ గందరగోళంలోనే అనుమతి లేని దొంగ ముద్రణలు పుడతాయి. అట్ట మీద హక్కుదారు పేరు, మూలం వివరం, కళాకారుని పరిచయం లేని ‘అరుదైన’ రికార్డు కనిపిస్తే కొనుగోలుదారు అనుమానించడం మంచిది. నిజాయతీగా చేసే సంస్థలు లోపల చిన్న పుస్తకమే పెడతాయి. అందులో ఎవరెవరు వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు అన్నది ఉంటుంది. నా మటుకు నాకు ఆ పుస్తకాలు రికార్డంత విలువైనవి. మన సినీ సంగీత చరిత్రలో వాద్యకారుల గురించి అచ్చయిన సమాచారం ఎంత తక్కువో ఆ రంగాన్ని చదివినవారికి తెలుసు.

కాలం కూడా ముఖ్యమే. చరణ్‌జిత్ సింగ్‌కు గుర్తింపు ఏడుపదుల వయసులో వచ్చింది. ఆ యంత్రాలతో ఆయన ఐరోపా వేదికలు ఎక్కి, తన మనవల వయసున్న శ్రోతల ముందు భైరవ్, లలిత్ వాయించారు. పునర్విడుదలైన ఐదేళ్లకు, 2015 జులైలో ముంబయిలో కన్నుమూశారు. బౌమన్ అన్వేషణ మరో ఐదారేళ్లు ఆలస్యమై ఉంటే రికార్డు వచ్చేది, మనిషి ఉండేవారు కాదు.

ఈ సంగీతం విననివారు ఎక్కడ మొదలుపెట్టాలి? హిందోళం బాగా తెలిసిన శ్రోతలు చరణ్‌జిత్ సింగ్ మాల్‌కౌంస్‌తో ప్రారంభించవచ్చు. మొదటి రెండు నిమిషాలు తాళం విసిగిస్తుంది, ఎక్కడా మారదు. ఆ తర్వాత చెవి తాళాన్ని వదిలేసి, కింద జారుతూ తిరిగే 303 స్వరాలను పట్టుకుంటుంది. అక్కడ కుదిరితే అహ్మదాబాద్ టేపులకు వెళ్లవచ్చు. అవి కొంత ఓపిక అడుగుతాయి. రూపా బిశ్వాస్ పాటకు ఏ సన్నాహమూ అక్కరలేదు.