ఉక్కు నగరం... ఒక పట్టాన లొంగదు!

రాజుగారిని గెలిపించింది. అల్లూరి అనుచరుణ్ని గెలిపించింది. ప్రొఫెసర్‌ను, పారిశ్రామికవేత్తను, మాజీ ముఖ్యమంత్రిని కూడా ఢిల్లీకి పంపింది. అలాగని ఎవరికీ సొంతం కాలేదు. అదే విశాఖపట్నం లోక్‌సభ స్థానం ప్రత్యేకత.

ఓ పక్క సముద్రం, మరోపక్క కొండలు. మధ్యలో అన్ని ప్రాంతాల జనం. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత చమురుశుద్ధి కర్మాగారం, ఉక్కు ఫ్యాక్టరీ... ఒక్కో పరిశ్రమా కొత్త జనాన్ని మోసుకొచ్చింది. శ్రీకాకుళం కూలీ, ఒడిశా కార్మికుడు, కోస్తా వ్యాపారి, నావికాదళ ఉద్యోగి... అందరూ ఇక్కడి ఓటర్లే. జాలరిపేటల మత్స్యకారులు సరేసరి. నియోజకవర్గం పేరుకు నగరానిదే అయినా విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట పల్లెలూ ఇందులోనే ఉన్నాయి.

తొలి తీర్పే వేరు!

1952లో దేశమంతా కాంగ్రెస్ గాలి. అప్పట్లో ఇది ఇద్దరు సభ్యుల స్థానం. విశాఖ ఓటరు రెండుచోట్లా ఇండిపెండెంట్లనే గెలిపించాడు. ఒకరు డాక్టర్ లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, అండమాన్ జైలు చూసొచ్చిన మన్యం వీరుడాయన.

1957లో విజయనగరం సంస్థానాధీశుడు పి.వి.జి.రాజు గెలిచారు. రాజుగారే అయినా పోటీ చేసింది సోషలిస్టుగా! 1962లో ఆయన బాబాయి విజ్జీ కాంగ్రెస్ తరఫున నెగ్గారు. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లిన కెప్టెన్ ఆయనే.

ఓటుకు ఉక్కు బలం

1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదం రాష్ట్రాన్ని ఊపేసింది. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు పోయాయి. కొద్దినెలలకే ఎన్నికలొచ్చాయి. ఉద్యమాన్ని నడిపించిన తెన్నేటి విశ్వనాథాన్ని జనం 1967లో ఢిల్లీ పంపారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ ఏడాది ఎన్నికల్లో సీటు మళ్లీ కాంగ్రెస్‌దైంది. గెలిచింది పి.వి.జి.రాజే!

ఫ్యాక్టరీ జాతికి అంకితమైంది మాత్రం 1992లో. పునాదిరాయి నుంచి అక్కడిదాకా 21 ఏళ్లు. దానికోసం ఊళ్లు ఖాళీ చేసినవారికి ఉద్యోగం ఓ ఆశ. కొందరికి అందింది, కొందరికి ఎదురుచూపులే మిగిలాయి. గాజువాక రాజకీయాల్లో ఆ బాధ ఇప్పటికీ వినిపిస్తుంది.

స్థానికులా... స్థానికేతరులా?

1984లో తెలుగుదేశం నుంచి భాట్టం శ్రీరామమూర్తి, 1989లో కాంగ్రెస్ నుంచి ఉమా గజపతిరాజు, 1991లో తెలుగుదేశం నుంచి ఎం.వి.వి.ఎస్.మూర్తి గెలిచారు. 1996, 1998ల్లో టి.సుబ్బరామిరెడ్డిది విజయం. 1967 తర్వాత ఇక్కడ వరుసగా రెండుసార్లు నెగ్గింది ఆయనొక్కరే. 1999లో మళ్లీ మూర్తి. 2004లో నెల్లూరు నేత నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2009లో పురందేశ్వరి. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ 'బయటివాళ్లు' అన్న మాట రావడం, చివరికి ఓటరు తనకు నచ్చినవాళ్లకే ఓటేయడం మామూలైపోయింది. సగం నగరం ఎక్కడినుంచో వచ్చి స్థిరపడిందే కదా!

అలాగని పెద్ద పేరుంటే చాలనుకోవడానికీ లేదు. 2014లో వై.ఎస్.విజయమ్మను కాదని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బీజేపీ అభ్యర్థి కంభంపాటి హరిబాబును గెలిపించారు.

4 వేల నుంచి 5 లక్షలకు...

2019 తీర్పు మరీ విచిత్రం. రాష్ట్రమంతా వైకాపా హవా వీచినా నగరంలోని నాలుగు అసెంబ్లీ సీట్లూ తెలుగుదేశానికే దక్కాయి. ఎంపీ సీటు మాత్రం వైకాపా అభ్యర్థి ఎం.వి.వి.సత్యనారాయణదైంది. ఆధిక్యం 4,414 ఓట్లే! జనసేన నుంచి నిలబడిన మాజీ పోలీసు అధికారి లక్ష్మీనారాయణకు 2.88 లక్షల ఓట్లు పడ్డాయి.

ఆ తర్వాత ఐదేళ్లలో రెండు మాటలు నగరాన్ని కుదిపాయి. విశాఖే పరిపాలనా రాజధాని అని 2019 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఒక మాట. ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నుంచి మరో మాట. కార్మికులు మళ్లీ రోడ్డెక్కారు. 2024లో తీర్పు వచ్చింది. రాజధాని ఆశ ఓట్లు రాల్చలేదు. మూర్తి మనవడు, తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్ 5,04,247 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2019లో 4,414 ఓట్ల తేడాతో ఓడింది కూడా ఆయనే! ఏడు అసెంబ్లీ సీట్లూ కూటమివే. కార్మికులు ఎక్కువగా ఉండే గాజువాకలో ఆధిక్యం 95 వేలు దాటింది. రాష్ట్రంలో అదే అత్యధికం.

2025 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీకి రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఊరట దొరికింది కానీ సొంత గనుల ప్రశ్న అలాగే ఉంది. 1999 నుంచి 2024 దాకా ఆరు ఎన్నికల్లో ఆరుగురు ఎంపీలను చూసిన నగరమిది. ఓటు అడగడానికి ఎవరొచ్చినా వాళ్ల ఊరేదని విశాఖ పెద్దగా పట్టించుకోదు. 'మా ఉక్కు సంగతేంటి?' అని మాత్రం తప్పకుండా అడుగుతుంది!