స్టీల్ గిటారుకు పికప్పు మార్చే ముందు

సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఏం రాయాలో తోచలేదు. కవితలు రాసేవాళ్లు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు, అది నా వల్ల కాదు. ఇంతలో వాళ్లే ఇంకో మాట అన్నారు. "అన్నా, మన స్టీల్ గిటారు సరిగా మోగడం లేదు. పాత విద్యార్థులు కొంత డబ్బు పోగుచేశారు. కొత్త పికప్పు ఏది కొనమంటావు?" దానికి ఫోన్లో ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అది పాత విద్యార్థులు తలా కొంత వేసిన డబ్బు. పైగా ఇదే పనిలో ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పికప్పు అంటే ఏమిటో చూద్దాం. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం చదివే ఉంటారు. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే ఇది. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి తీగ, పికప్పు అంటే అంతే. ఆ తీగ తల వెంట్రుకంత సన్నం. పైన స్టీలు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. పికప్పు మైకులాగా గాలిలోని శబ్దాన్ని వినదు. తీగ కదలికనే పట్టుకుంటుంది. అందుకే నైలాన్ తీగలు వేస్తే ఎంత ఖరీదైన పికప్పు అయినా మూగదే.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఈ పికప్పు పుట్టిందే స్టీల్ గిటారు కోసం. ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేత్తో స్టీలు బార్ జారుస్తూ వాయించే ఈ పద్ధతి హవాయి దీవులది. అక్కడి జోసెఫ్ కెకుకు దీనికి ఆద్యుడని చెబుతారు. అమెరికాలో జార్జి బోషాం అనే హవాయియన్ గిటారు వాద్యకారుడు తన వాద్యం పెద్ద బృందంలో వినపడటం లేదని 1931లో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలతో ఒక పికప్పు తయారుచేశాడు. రికెన్‌బాకర్‌తో కలిసి దాన్ని 1932లో అమ్మకానికి తెచ్చాడు. గుండ్రటి ఒళ్లు, పొడుగు మెడ ఉండటంతో ఆ గిటారును జనం 'ఫ్రయింగ్ పాన్' అన్నారు, అంటే మన పెనం. అమ్మకానికి వచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటారుగా చెప్పేది దీన్నే. నిలబడి వాయించే గిటార్లకు పేరొచ్చింది ఆ తరువాతే. మన దేశంలో హిందీ సినిమా పాటలను ఎలక్ట్రిక్ హవాయియన్ గిటారుపై వాయించి రికార్డులిచ్చిన వాన్ షిప్లే పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

పెడల్ స్టీల్ అని ఇంకొకటి ఉంది. దానికి కాళ్లు, బల్ల, సాధారణంగా పది తీగలు ఉంటాయి. కాలితో పెడల్ నొక్కితే, మోకాలితో మీట తోస్తే కొన్ని తీగల స్వరం మారిపోతుంది. మన వైపు దాన్ని నేను చూడలేదు. మనది ఆరు తీగల మామూలు గిటారును తీగలు ఎత్తి స్టీల్ గిటారుగా మార్చింది. అయినా పికప్పు ఎంచుకునే లెక్క రెంటికీ ఒక్కటే.

పికప్పు ఎంత మార్చగలదో తెలియాలంటే మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. సిద్ధాంతం వంతెన దాటి వెళితే పాలకొల్లు. మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు 1969లో అక్కడే పుట్టారు. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే నాదం వచ్చి, అంతలోనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే నాదం నిలవాలి. ఆయన జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, గట్టి చెక్క ఒంటి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. బోలు వాద్యంలో తీగ శక్తి పెట్టెను కదిలించడానికి ఖర్చైపోతుంది. గట్టి చెక్కలో ఆ ఖర్చు తక్కువ, తీగ ఎక్కువసేపు కంపిస్తుంది, పికప్పు దాన్ని వినిపిస్తుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన తొలి కచేరీ చేశారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో నలభై ఐదేళ్లకే పోయారు. పాశ్చాత్య వాద్యం మీద గమకం పలకదన్న మాటకు ఆయన చెప్పిన జవాబులో ఆ పికప్పుకూ కొంత వాటా ఉంది.

ఇప్పుడు మన గిటారు దగ్గరకు వద్దాం. ట్రూపులో చేరిన కొత్తలో ఒక దసరా ముందు నా గిటారు మూగబోయింది. పట్నం వెళ్లి ఒక కొట్లో పికప్పు కొన్నాను. ఆ సీజన్లో వచ్చే డబ్బంతా దానికే ముందుగా పెట్టేశాను. బిగించాక కూడా మోగలేదు. తీరా చూస్తే తప్పు పికప్పుది కాదు, వైరు గుచ్చే జాక్ దగ్గర టంకం ఊడింది. అదే అతికిస్తే పాత పికప్పే మోగి ఉండేది. కొత్తదానికి ఇంకో తంటా వచ్చింది. దాని మీది ఆరు ఇనుప మొనలూ నా తీగల కింద సరిగ్గా రాలేదు. చివరి తీగలు రెండూ నీరసంగా పలికేవి. కొట్టువాణ్ణి అని లాభం లేదు, కొలత తీసుకెళ్లనిది నేనే.

కాబట్టి కొనేముందు మల్టీమీటరు. ఇరవై కిలో ఓమ్‌ల దగ్గర పెట్టండి. గిటారుకు కేబుల్ గుచ్చి, వాల్యూము పూర్తిగా పెంచి, కేబుల్ రెండో చివర మొనకూ ఒంటికీ మీటరు పిన్నులు ఆనించండి. ఒకే చుట్ట ఉన్న పికప్పు అయితే అయిదు నుంచి ఎనిమిది కిలో ఓమ్‌ల మధ్య చూపించవచ్చు, జంట చుట్టలదైతే ఇంకొంచెం ఎక్కువ. అలా చూపిస్తే పికప్పు బతికే ఉంది, జబ్బు వేరేచోట ఉంది. ఏమీ చూపించకపోతే వెంటనే పోయిందనుకోవద్దు. గిటారు విప్పి, పికప్పు వైర్ల దగ్గరే మళ్లీ కొలవండి. అక్కడా చూపించకపోతేనే చుట్ట తెగినట్టు. అప్పుడు కూడా సన్నతీగ బయటి వైరుతో కలిసేచోట తెగి ఉంటే అతకవచ్చు. మన గాలిలో చెమ్మ ఎక్కువ, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు కూడా ఎక్కువ. ఆ అతుకు దగ్గర చిలుము పట్టడం నేను చాలాసార్లు చూశాను.

మీటరు లేకపోతే ఇంకో ఉపాయం. ఆంప్లిఫయరు సన్నగా పెట్టి, పికప్పు ఇనుప మొన మీద స్క్రూడ్రైవరుతో మెల్లగా తట్టండి. 'టక్' మని గట్టిగా వినపడితే పికప్పు పనిచేస్తోంది. వాల్యూము తిప్పుతుంటే గరగర వస్తే అది పాట్‌లోని దుమ్ము. కాలికింది వాల్యూము పెడల్లో కూడా పాట్ ఉంటుంది, స్టీల్ గిటారు వాళ్లకు దాంతోనే ఎక్కువ తిప్పలు.

ఇక గుంయ్‌మనే మోత. మన తమ్ముళ్ల అసలు ఫిర్యాదు ఇదేనని తరువాత తెలిసింది. ఇందులో రెండు రకాలున్నాయి. గిటారు పట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా పక్కకు తిరగండి. తిరిగేకొద్దీ మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది పికప్పు పట్టుకుంటున్న మోత. ట్యూబులైటు చోకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, వీటి నుంచి సెకనుకు యాభై ఆవృత్తులుండే మన కరెంటు అయస్కాంత క్షేత్రం వస్తూనే ఉంటుంది. తీగ కదలికనూ దీన్నీ ఒంటి చుట్ట విడదీయలేదు. ఎటు తిరిగినా మోత ఒకేలా ఉండి, తీగల మీద చెయ్యి వేయగానే తగ్గితే అది ఎర్త్, షీల్డు సంగతి. పికప్పు మార్చినా పోదు.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. ఒక ఊళ్లో పెళ్లి ప్రోగ్రాం. స్టేజి మీద ఆంప్లిఫయరుకు ఒకచోట నుంచి, మైక్ సెట్‌కు ఇంకోచోట నుంచి కరెంటు లాగారు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరు లేదు. నా ఎడమచేతిలో స్టీలు బార్, అది తీగల మీద. పాట మధ్యలో ఏదో చెబుదామని మైక్ దగ్గరకు వంగాను, పెదవి తగిలీ తగలగానే వెనక్కి విసిరేసినట్టయింది. తీగలు గిటారు లోపల ఎర్త్ వైరుకే కలిసి ఉంటాయి. ఆ ఎర్త్ నిజంగా భూమిలోకి వెళ్లకపోతే బార్ పట్టుకున్న చెయ్యే దానికి దారి అవుతుంది. మామూలు గిటారు వాళ్ల కంటే మనం చేతినిండా ఇనుము పట్టుకుంటాం. కాబట్టి మోత పోవడానికని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమంటే వినకండి. గిటారు ఆంప్లిఫయరు, మైక్ సెట్ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి తీసుకోండి. ముందు టెస్టర్‌తో మైక్ జాలీ ముట్టించి చూడండి. మన హాస్టలు హాల్లో ఆ ప్లగ్గు పాయింటుకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించమని వార్డెన్ గారిని అడగండి. పోగైన డబ్బులో మొదటి రూపాయి దానికి ఖర్చుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇవన్నీ చూశాక కూడా పికప్పే మార్చాలని తేలితే నా ఓటు జంట చుట్టల పికప్పుకే. దాన్ని హంబకర్ అంటారు. అమెరికాలో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు అడిగాడు. పక్కపక్కనే రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా పనిచేసేట్టు కలుపుతారు. అయస్కాంతాలు కూడా తిరగేసి ఉంటాయి. బయటి నుంచి వచ్చే మోత రెంటిలోనూ ఎదురెదురై కొట్టుకుపోతుంది, తీగ నాదం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. ఒంటి చుట్టకు గంట కొట్టినట్టుండే స్పష్టత ఉంటుందని, హంబకర్‌లో అది కొంత పోతుందని అనేవాళ్లున్నారు. నిజమే. పెడల్ స్టీల్ వాద్యకారుల్లో కూడా ఈ రెండు పక్షాలూ ఉన్నాయి. కానీ వాళ్లు వాయించే స్టూడియోలు వేరు, షామియానా కింద సీరియల్ లైట్ల మధ్య, జనరేటరు పక్కన మనం వాయించే చోట్లు వేరు. ఆ స్పష్టతంతా మోతలో కలిసిపోయాక ఏం లాభం?

మొనలున్నది కాకుండా తీగల కింద అడ్డంగా పొడుగాటి ఇనుప పట్టీ ఉన్న రకం అడగండి. పట్టీ రకానికి తీగల మధ్య దూరం ఎంతైనా ఫరవాలేదు, పట్టీ పొడుగు చాలితే చాలు. మామూలు గిటారు పికప్పు మొనలు మొదటి నుంచి చివరికి యాభై, యాభై రెండు మిల్లీమీటర్ల మేర ఉంటాయి. స్టీల్ గిటార్లలో తీగలు ఇంకా ఎడంగా ఉండవచ్చు. పికప్పు ఉండే చోటనే స్కేలు పెట్టి మొదటి తీగ నుంచి ఆరో తీగ దాకా కొలిచి రాసుకోండి. పికప్పు కూర్చునే గుంట పొడుగు, వెడల్పు, లోతు కూడా. ఆన్‌లైన్లో తెప్పించినా ఈ నాలుగు అంకెలు లేకుండా ఆర్డరు పెట్టవద్దు.

కిలో ఓమ్‌లు ఎక్కువైతే మంచిదా అని అడుగుతారు. చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది, సన్నటి కీచు తగ్గి నాదం లావవుతుంది. స్టీలు బార్ కింద తీగ మామూలుగానే కాస్త కీచుగా పలుకుతుంది కనుక స్టీల్ గిటారుకు కొంచెం ఎక్కువ చుట్టినదే నప్పుతుంది. పెడల్ స్టీల్ పికప్పుల్లో పదిహేను, ఇరవై కిలో ఓమ్‌లవి మామూలే. మనకు పది దగ్గర్లో ఉంటే చాలనుకుంటాను. తీగ మరీ సన్నదైనా ఆ అంకె పెరుగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఊగిసలాడవద్దు. మైనంలో ముంచినదా అని మాత్రం తప్పక అడగండి. మైనం పట్టినది పెద్ద సౌండులో కూయదు, చెమ్మను కూడా కొంత ఆపుతుంది.

బిగించేటప్పుడు పాతవైర్లు ఎక్కడ ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. హంబకర్‌కు నాలుగు రంగుల వైర్లు, ఒక ఒట్టి వైరు వస్తాయి. వాటిలో రెండు ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాలి, అది మరచిపోతే కొత్తది కూడా మోగదు. రంగుల అర్థం కంపెనీ కంపెనీకీ వేరు, అట్టపెట్టెలో వచ్చే కాగితం పారేయకండి. ఎత్తు సంగతి, పికప్పుకూ తీగకూ మధ్య రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత సందు ఉంచి మొదలుపెట్టండి. లావు తీగల వైపు ఇంకాస్త దించవచ్చు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి కదులుతుంది.

తీసిన పాత పికప్పును ఫ్యాన్లు చుట్టే కొట్టుకు ఇవ్వవద్దు. ఒకసారి ఇచ్చి చూశాను, అంత సన్నతీగ వాళ్ల మిషను మీద నిలవదు. దాన్ని పొడిగా ఒక డబ్బాలో పెట్టి ఉంచండి, తెగింది అతుకు దగ్గరేనేమో నేను చూస్తాను. మీటరు, టంకం పెట్టే కడ్డీ నా దగ్గరున్నాయి. ఏ ఆదివారమైనా కబురు చేస్తే వస్తాను. అప్పటిదాకా డబ్బు వార్డెన్ గారి దగ్గరే ఉండనివ్వండి.