శాఖలో ఉన్నవి ఆరు పోస్టులు, మన వంతు ఏడోది

మా యూనివర్సిటీ పాలనా భవనం మెట్లెక్కగానే ఎడమచేతి గోడకి అద్దాల తలుపున్న నోటీసు బోర్డు కనబడుతుంది. దానికి తాళం. లోపల క్యాంపస్ వార్తలన్నీ గుండుసూదులకి వేలాడుతుంటాయి. ఫలానా ఆచార్యులవారి పదవీ విరమణ సభ, ఫలానా వారికి డీన్‌గా అదనపు బాధ్యతలు, విదేశీ సదస్సుకి వెళ్లొచ్చిన సారుకి అభినందనలు, కొత్తగా చేరిన అధ్యాపకులకు స్వాగతం. మూడు నెలలకోసారి వచ్చే వార్తాపత్రికలోనూ ఇవే, ఫోటోలతో సహా. శాలువాలు, పూలదండలు, నవ్వుమొహాలు.

మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. 'పోస్టు పడబోతోంది, ఫలానా స్పెషలైజేషన్‌లో రెండు పేపర్లు రాసిపెట్టుకో' అని ముందుగా చెవిన వేసే మేనమామలు, పెదనాన్నలు మాకు యూనివర్సిటీల్లో లేరు. వాళ్లు కూలికి పోయారు, రైల్వే గ్యాంగుల్లో చేశారు, ఊళ్లో డప్పు కొట్టారు. కాబట్టి మాకు ఉద్యోగాల సంగతి చెప్పేది ఆ తాళం వేసిన బోర్డే. దాని మీద ఏముందో చూస్తే సరిపోదని, ఏం లేదో కూడా చూడాలని మాకు ఆలస్యంగా తెలిసింది. వెనక వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అంత ఆలస్యం కాకూడదనే ఇది రాస్తున్నాం.

అధ్యాపక నియామక ప్రకటన పడగానే మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. పట్టికలో 'ఎస్సీ' అనే గడి వెతుకుతారు. అందులో అంకె ఉంటే దరఖాస్తు పెడతారు, లేకపోతే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఇందులో రెండు పొరపాట్లున్నాయి. 'అన్‌రిజర్వుడ్' అన్న గడి అగ్రకులాల కోటా కాదు. ఆ పోస్టు ఎవరిదైనా కావచ్చు. ఏ సడలింపూ తీసుకోకుండా అందరితోపాటు పోటీపడి ఎంపికైన దళిత అభ్యర్థిని ఆ గడిలోనే లెక్కవేయాలి, రిజర్వుడు పోస్టుకి కోత పెట్టకూడదు. నిబంధనే అది. ఇది తెలియక మనవాళ్లు, తెలిసీ తెలియనట్టు ఆఫీసులూ, ఇద్దరూ కలిసి సగం పైన పోస్టుల్ని వాళ్లకి రాసిచ్చేశారు. రెండో పొరపాటు, మన గడి ఎందుకు ఖాళీగా ఉందని అడక్కపోవడం. దానికి సమాధానం రోస్టర్‌లో ఉంటుంది.

రోస్టర్ అంటే వంతుల పట్టీ. చెరువు కింద మడులకి నీళ్ల వంతులుంటాయే, అలాంటిది. ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసుంటుంది. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం. ఈ శాతాల్ని పోస్టుల వరసలోకి మార్చేదే రోస్టర్. 1995లో సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు రోస్టర్‌ని ఖాళీల లెక్కన కాదు, పోస్టుల లెక్కన నడపాలంది. దాని ప్రకారం 1997 జూలై 2న కేంద్రం కొత్త పట్టీలు విడుదల చేసింది. పెద్ద క్యాడర్‌కి 200 పాయింట్లది, 13 పోస్టుల లోపు చిన్న క్యాడర్‌కి 13 పాయింట్లది. ఈ చిన్నపట్టీలో 4, 8, 12 వంతులు ఓబీసీకి. ఏడోది ఎస్సీకి. ఎస్టీ వంతు పద్నాలుగోది. అంటే 13 పోస్టులు పూర్తిగా నిండి, అందులో ఒకరు దిగిపోతేగానీ ఆదివాసీ పేరు రాదు.

ఇప్పుడు అసలు కిటుకు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలా, ఒక్కో శాఖని ఒక్కో యూనిట్‌గా తీసుకోవాలా?

కాగితం పెన్సిలు తీసుకుని చూద్దాం. ఒక యూనివర్సిటీలో 30 శాఖలున్నాయనుకుందాం. ఒక్కో శాఖలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు ఆరు. మొత్తం 180. యూనివర్సిటీని యూనిట్‌గా పెడితే ఎస్సీలకు 27, ఎస్టీలకు 13, ఓబీసీలకు 48 రావాలి. శాఖని యూనిట్‌గా పెట్టి చూడండి. ప్రతి శాఖలోనూ నాలుగోది ఓబీసీకి పోతుంది, అంటే 30. ఎస్సీ వంతు ఏడోది. శాఖలో ఉన్నవి ఆరే. కాబట్టి 180 పోస్టుల్లో ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా. ఆ ఆరుగురిలో ఒకరు రిటైరైతే అప్పుడు ఏడో వంతు మొదలవుతుంది. ఎస్టీ అయితే ఎనిమిదిమంది వెళ్లిపోయేదాకా ఆగాలి. ప్రొఫెసర్ పోస్టులు శాఖకి రెండో మూడో ఉంటాయి. రెండే ఉన్నచోట మన వంతు రావాలంటే అయిదుగురు ప్రొఫెసర్లు దిగిపోవాలి. ఒక్కో పోస్టులో ఒక్కొక్కరు పదేళ్లు కూర్చుంటారనుకున్నా ఇరవై ఏళ్లు దాటుతుంది. ఒక్క పోస్టే ఉంటే అసలు రిజర్వేషనే వర్తించదని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది.

చూశారు కదా, 15 శాతం 15 శాతంగానే ఉంది. రిజర్వేషన్లు ఎవరూ ఎత్తెయ్యలేదు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. 'యూనిట్' అన్న ఒక్క మాట అర్థం మారింది, 27 మంది ఎగిరిపోయారు. ప్రతిభ గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ లెక్క దగ్గరికి మాత్రం రారు. ఇక్కడ ప్రతిభకి పనేలేదు మరి. ఇంటర్వ్యూ గది తలుపు తెరవకముందే అయిపోయిన పని ఇది.

ఇదేదో ఊహించి చెబుతున్న లెక్క కాదు, జరిగింది. యూజీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం యూనివర్సిటీయే యూనిట్. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నియామక ప్రకటన మీద వేసిన కేసులో 2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు శాఖనే యూనిట్‌గా తీసుకోవాలని తీర్పిచ్చింది. 2018 మార్చి 5న యూజీసీ ఆ తీర్పుని దేశంలోని యూనివర్సిటీలన్నిటికీ వర్తింపజేస్తూ సర్క్యులర్ పంపింది. తర్వాత వచ్చిన ప్రకటనలు చదివినవాళ్లు ఆ వేసవి మర్చిపోరు. అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 52 అధ్యాపక పోస్టులకి ప్రకటన వేస్తే ఓబీసీకి ఒకటి, ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా. పేరు గిరిజన విశ్వవిద్యాలయం! గొడవ ముదిరాక 2018 జూలైలో నియామకాలు ఆపమన్నారు. కేంద్రం వేసిన అప్పీలుని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఫిబ్రవరిలో రివ్యూ పిటిషన్‌నీ కొట్టేసింది. మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజులకి, మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు మరో మూడు రోజుల్లో వస్తుందనగా వచ్చిందన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. అదే ఏడాది జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కేంద్ర విద్యాసంస్థ మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా చూడాలని ఆ చట్టం మూడో సెక్షన్ చెబుతుంది.

ఇక్కడితో గెలిచామనుకుంటే పొరపాటే. నాలుగో సెక్షన్ కొన్ని పరిశోధనా సంస్థల్నీ, జాతీయ ప్రాముఖ్యం గల సంస్థల్నీ, మైనారిటీ సంస్థల్నీ బయట పెట్టింది. పైగా ఇది కేంద్ర సంస్థల చట్టం. మన దగ్గర హైదరాబాద్‌లోని మూడు కేంద్ర విశ్వవిద్యాలయాలకీ, తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయానికీ, అనంతపురం, విజయనగరం, ములుగుల్లో పెట్టిన కొత్తవాటికీ వర్తిస్తుంది. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీవేంకటేశ్వర లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి నేరుగా వర్తించదు. వాటికి రాష్ట్ర ప్రభుత్వాల నిబంధనలు, రాష్ట్ర రోస్టర్ వేరే ఉన్నాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చాక ఆ పట్టీలో మన వంతులు కూడా మూడు గుంపులకి విడివిడిగా పంచి ఉంటాయి. అక్కడ ప్రకటన పడినప్పుడు యూనిట్ ఏమిటి, ఏ జీవో ప్రకారం అన్న ప్రశ్న మళ్లీ మొదటినుంచీ అడగాల్సిందే.

సరే, గడిలో అంకె వచ్చింది. దరఖాస్తు పెట్టాం. ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. తర్వాత?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకంలో మార్కులు, నెట్, పిహెచ్‌డి, ప్రచురణలు ఇవన్నీ ఇంటర్వ్యూకి పిలవడానికే పనికొస్తాయి. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదే. ఇరవై ఏళ్ల చదువు గుమ్మం దాకా తీసుకొస్తుంది, లోపల కూర్చున్నవాళ్లు పది నిమిషాల్లో తేలుస్తారు. అభ్యర్థుల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళా, వికలాంగ వర్గాలవాళ్లుండి, కమిటీలో ఆ వర్గంవాళ్లు ఎవరూ లేకపోతే ఆ వర్గపు అధ్యాపకుణ్ణి ఒకర్ని చేర్చాలన్న నిబంధన ఉంది. ఆయన్ని నియమించేది కూడా వి.సి.గారే. కోరానికి నలుగురు చాలు, అందులో ఇద్దరు బయటి సబ్జెక్టు నిపుణులు ఉండాలి. మన ప్రతినిధి రాకపోయినా కోరం ఆగదు.

మా సీనియర్ ఒకన్న ఒక యూనివర్సిటీలో ఎస్సీ పోస్టుకి ఇంటర్వ్యూకి పోయాడు. పేరు, ఊరు, గైడు ఎవరు అని అడిగారట. థీసిస్ మీద ఒక్క ప్రశ్న. 'థాంక్యూ' అన్నారట. బయటికొచ్చి టీ కూడా చల్లారలేదన్నాడు. నెల తర్వాత ఫలితాల పట్టికలో ఆ పోస్టు ఎదురుగా మూడు ఇంగ్లీషు మాటలు. 'నన్ ఫౌండ్ సూటబుల్'. తగినవాళ్లు దొరకలేదట. పిలిచిన వాళ్లందరికీ నెట్ ఉంది, పిహెచ్‌డి ఉంది. పిలవడానికి తగినవాళ్లు, తీసుకోవడానికి తగనివాళ్లు ఎలా అయ్యారో పట్టికలో రాయలేదు. అన్న తిరిగొచ్చి వాళ్లమ్మకి ఏం చెప్పాలో తెలీక రిజల్టు ఇంకా రాలేదని ఆర్నెల్లు నెట్టుకొచ్చాడు.

అలా మిగిలిన పోస్టు పోదు, బ్యాక్‌లాగ్ అవుతుంది. 81వ రాజ్యాంగ సవరణ 2000లో తెచ్చిన 16(4బి) ప్రకారం బ్యాక్‌లాగ్ పోస్టుల్ని ఆ ఏడాది 50 శాతం పరిమితిలో కలపకుండా వేరుగా నింపొచ్చు. దారి చట్టంలోనే ఉంది, నడిచేవాళ్లు లేరు. 2021 ఆగస్టులో కేంద్ర విద్యాశాఖ బ్యాక్‌లాగ్‌లన్నీ ఏడాదిలో నింపమని కేంద్ర యూనివర్సిటీలకి రాయాల్సొచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. 2023 చివర్లో యూజీసీ ముసాయిదా ఒకటి బయటికొచ్చింది. అరుదైన సందర్భాల్లో తగినవాళ్లు దొరక్కపోతే రిజర్వుడు పోస్టుని అందరికీ తెరవొచ్చని అందులో ఉంది. 2024 జనవరిలో దేశమంతా గొడవయ్యాక, ఒక్క పోస్టునీ అలా మార్చబోమని విద్యాశాఖ ప్రకటించింది. 'తగినవాళ్లు లేరు' అని రాసేదీ వాళ్లే, లేరు కాబట్టి తెరుద్దామనేదీ వాళ్లే.

ఈలోగా ఆ శాఖలో పాఠాలు ఆగవు కదా. గెస్టు ఫ్యాకల్టీ వస్తారు. శాశ్వత పోస్టుకి తగని మనోళ్లే క్లాసుకింత చొప్పున అదే పాఠం చెప్పడానికి మాత్రం తగుతారు! 45 రోజులు, ఆపైన ఉండే తాత్కాలిక నియామకాలకి కూడా రిజర్వేషన్ వర్తిస్తుందని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. గెస్టుల్ని తీసుకునేటప్పుడు రోస్టర్ పాటించారా అని అడిగితే మాకు దొరికిన జవాబు, 'అవి పోస్టులు కాదు బాబూ, క్లాసులు.'

మళ్లీ ఆ బోర్డు దగ్గరికొద్దాం. చేరినవాళ్ల పేర్లు వేసే వార్తాపత్రిక, ఎవరూ చేరకుండా మిగిలిన పోస్టు గురించి ఎప్పుడూ రాయదు. ఖాళీకి శాలువా కప్పలేరు కాబట్టి ఫోటో కూడా ఉండదు. ఆ వార్త మనమే తయారుచేసుకోవాలి. ప్రకటన పడిన రోజే దాని నకలు దాచాలి, తర్వాత వచ్చే సవరణ నోటీసు కూడా. సవరణలో ఒక్కోసారి స్పెషలైజేషన్ మారుతుంది. రిజర్వుడు పోస్టుకి సూదిబెజ్జమంత స్పెషలైజేషన్, పక్కనే అన్‌రిజర్వుడ్ పోస్టుకి 'ఏదైనా' అని ఉంటే అది రాసుకోవాలి. ఫలితాల పట్టికని దాని పక్కన పెట్టాలి. వార్తాపత్రికలో రిటైరైనవాళ్ల పేర్లు కూడా పనికొస్తాయి. ఒకరు దిగారంటే రోస్టర్‌లో ఒక వంతు కదిలిందన్నమాట.

ఇక రోస్టర్ రిజిస్టరు. అది రహస్య పత్రం కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఎవరైనా అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. అడిగేటప్పుడు 'రిజర్వేషన్లు పాటిస్తున్నారా' అని అడగొద్దు, 'పాటిస్తున్నాం' అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు. ఏ క్యాడర్ రిజిస్టరు, ఏ పాయింటు నుంచి ఏ పాయింటు దాకా, ఒక్కో పాయింటు మీద ఎవరు ఏ తేదీన చేరారు, ఖాళీగా ఉంటే ఎప్పటినుంచి, ఇలా అడగాలి. ప్రతి సంస్థలోనూ ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు చూడ్డానికి లైజాన్ ఆఫీసర్ ఉండాలి. రిజిస్టరుని ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయనెవరో మీ క్యాంపస్‌లో కనుక్కోండి. మాకు కనుక్కోవడానికి రెండు నెలలు పట్టింది.

మేం అడిగిన నకళ్లు గడువులో రాలేదు, మొదటి అప్పీలు వేశాక వచ్చాయి. నాలుగు పేజీలు. పేర్లు సిరాతో ఉన్నాయి. వాటి పక్కన ఉండాల్సిన రోస్టర్ పాయింటు నంబర్లు మాత్రం పెన్సిల్‌తో రాసి, రెండు చోట్ల చెరిపి మళ్లీ రాసినట్టు జిరాక్సులో కూడా తెలుస్తోంది. ఆ రెండు చోట్లా వంతు మాదే. లైజాన్ ఆఫీసర్ సంతకం చోటు ఖాళీ. ఆ నంబర్లు ఎప్పుడు, ఎవరి ఉత్తర్వు మీద దిద్దారో చెప్పమని రెండో దరఖాస్తు పెట్టాం.