నత్రజని తాగిన ఉక్కు

స్టీలు సామాను కొని పేరు చెక్కించకుండా ఇంటికి తెచ్చే ఇల్లాలు మన దేశంలో అరుదు. కొట్టువాడు సూదిమొన గల చిన్న కరెంటు యంత్రాన్ని గిర్రుమనిపించి నిమిషంలో అక్షరాలు దిద్ది ఇస్తాడు. ఉక్కు మీద అంత సులువుగా గీత ఎలా పడిందని మీకెప్పుడైనా తోచిందా?

మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుకు లొంగదు గాని గీతకు లొంగుతుంది. గిన్నెకైతే పరవాలేదు. పాల కర్మాగారంలో తిరిగే పంపు ఇరుసు సంగతి వేరు. అది అరిగితే ఆ రజను పాలలోనే కదా కలిసేది! స్టీలు బోల్టుకు స్టీలు నట్టు బిగిస్తే ఒక్కొక్కప్పుడు రెండూ కరుచుకుపోయి, కోసి తీయవలసి వస్తుంది కూడా.

మామూలు ఉక్కుకు ఉపాయం పాతదే. అమెరికాలో మాక్లెట్, 1920 ప్రాంతాల జర్మనీలో క్రుప్ కర్మాగారపు ఫ్రై దానికి దారి చూపారు. ఉక్కును 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంచి అమోనియా వాయువు పంపుతారు. అది విడిపోయి, అందులోని నత్రజని ఉక్కు పైపొరలోకి ఇంకుతుంది. పైపొర రాయిలా బిగుస్తుంది.

మరి స్టెయిన్‌లెస్‌కూ ఇదే చేస్తే? గట్టిపడుతుంది, తుప్పూ పడుతుంది! దీన్ని తుప్పు నుంచి కాపాడేది ఇందులో కలిసిన క్రోమియం. నత్రజనికి క్రోమియమంటే మహా ప్రీతి. వేడి ఎక్కువైతే రెండూ జతకూడి రేణువులుగా విడిపోతాయి. కాపలావాడు పెళ్లిచేసుకుని వెళ్లిపోతే ఇంటికి దిక్కెవరు?

1985లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాంగ్, బెల్ ఈ చిక్కును విప్పే దారి ప్రకటించారు. కీలకమంతా వేడిని తగ్గించడంలో ఉంది. సుమారు 450 డిగ్రీల లోపు క్రోమియం పరమాణువు ఉన్నచోటు నుంచి కదలలేదు. నత్రజని పరమాణువు చిన్నది. కిక్కిరిసిన రైలుపెట్టెలోకి పసివాడు దూరినట్టు ఇనుప పరమాణువుల సందుల్లోకి దూరుతుంది. అలా దూరిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఇరుకే గట్టిదనం. క్రోమియం కాపలా మాత్రం చెక్కుచెదరదు.

అయితే స్టీలుపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఒకటి నత్రజనికి అడ్డుతగులుతుంది. అందుకని గాలి తీసేసిన గదిలో వస్తువును వేలాడదీసి, పలుచగా నత్రజని, ఉదజని నింపి, విద్యుత్తు పంపుతారు. వస్తువు చుట్టూ ఊదారంగు కాంతి కమ్ముకుంటుంది. విద్యుదావేశం పొందిన పరమాణువులు వడగళ్లలా తాకి ఆ పొరను రాల్చేస్తాయి. ఇదంతా గంటల తరబడి సాగే పని.

ఇంత శ్రమకూ దక్కే పొర మందం మిల్లీమీటరులో నూరో వంతో, రెండు వంతులో! కాని వికర్స్ కొలతలో 200 ప్రాంతంలో ఉన్న గట్టిదనం అక్కడ 1000 దాటుతుంది. పేరు చెక్కే సూది దాని మీద జారిపోవలసిందే. ఒక్కటే జాగ్రత్త: ఆ భాగానికి తరువాత వెల్డింగు పెట్టారా, అక్కడి క్రోమియం మేలుకుంటుంది.