నాలుగు గంటల దీపం

మా వై.ఎన్.హొసకోటలో చాలా ఇళ్ళకు మగ్గం చప్పుడుతోనే తెల్లవారుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకు ఫారాల మీద ఇంగ్లీషు. ఇలా మూడు భాషల మధ్య మా పిల్లలు పెరుగుతారు. మొన్నామధ్య మా వీధిలో పట్టుచీరలు నేసే ఒకాయన మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, మా పాప పి.యు.సి. పాసయింది. బి.ఎస్సీ.లో స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటుంది. ఇంజనీరింగ్ అయితే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇది చదివితే ఏమవుతారు సార్?"

నేను బి.కాం.లో స్టాటిస్టిక్స్ పేపరును అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. అందుకని ఆ శాస్త్రం గురించి కాక, ఒక మనిషి గురించి చెప్పాను. పాఠకులతోనూ ఆ ముచ్చటే పంచుకుంటున్నాను.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. లోకమంతా సి.ఆర్.రావు అంటుంది. తెలుగువారింట పుట్టిన ఆయన జన్మస్థలం మన కర్ణాటకలోని హూవినహడగలి. 1920 సెప్టెంబరు 10న ఆయన పుట్టేనాటికి అది మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా. పదిమంది సంతానంలో ఎనిమిదోవారు కాబట్టి, దేవకీదేవి ఎనిమిదో బిడ్డ అయిన కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఇలా ఊరూరా చదువు సాగింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. తర్వాత ఎన్నో ఏళ్ళకు "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్" అనే పుస్తకాన్ని ఆ తల్లికే అంకితమిచ్చి, ఈ సంగతి రాసుకున్నారు.

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి ర్యాంకులో పాసయ్యారు. అయినా ఉద్యోగం లేదు. యుద్ధం రోజులు. సైన్యం సర్వే శాఖలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది దొరకలేదు. కానీ బస చేసిన చోట పరిచయమైన ఒకాయన ద్వారా మహలనోబిస్‌గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరి 1న అక్కడ చేరారు. ఆ ఉద్యోగం వచ్చివుంటే ఏమయ్యేదో!

కొన్నాళ్ళకు కలకత్తాలో పాఠం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. ఫిషర్ అనే మహాపండితుడు పెద్ద నమూనాలకు చెప్పిన సూత్రం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని. రావుగారు ఆ రాత్రంతా కూర్చుని మర్నాటికి జవాబు తెచ్చారు. అది 1945లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు.

ఆ జవాబును మన భాషలో చెప్పుకుందాం. మా పావగడ తాలూకాలో చెనక్కాయ దిగుబడి ఎంతో తెలియాలి. ప్రతి చేనులోనూ తూకం వేయలేం. కొన్ని చేలు చూసి మొత్తానికి అంచనా కడతాం. అంచనా అన్నాక తప్పు ఉంటుంది. ఎటూ మొగ్గని అంచనా ఎంత తెలివిగా వేసినా, చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి ఆ తప్పు ఒక హద్దుకన్నా తగ్గదు. ఆ హద్దు ఎంతో లెక్క కట్టి చూపించారు. స్వీడన్‌కు చెందిన క్రామర్ కూడా విడిగా అదే కనుక్కోవడం వల్ల దానికి క్రామర్-రావు సూత్రమని పేరు వచ్చింది. మనకు తెలియనిది ఎంతో కూడా లెక్కకు అందుతుందన్నమాట!

బ్యాంకువాడిగా నాకు బాగా నచ్చింది మరొకటి. రావుగారే ఆ పుస్తకంలో చెప్పారు. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో జనం తలదాచుకున్నారు. వారికి భోజనాలు పెట్టిన కాంట్రాక్టర్ల బిల్లులు కొండంత వచ్చాయి. లోపల ఎందరున్నారో లెక్కపెట్టే వీలులేదు. అప్పుడు స్టాటిస్టిక్స్ వారు బియ్యం, పప్పు, ఉప్పు ఎంతెంత కొన్నట్టు చూపారో తీసుకుని, మనిషికి ఎంత పడుతుందో దానితో భాగించారు. బియ్యం లెక్కన జనం ఎక్కువ తేలారు, ఉప్పు లెక్కన తక్కువ. బియ్యం ఖరీదైనది, కాబట్టి పెంచి రాస్తారు. చవకైన ఉప్పును పెంచి రాస్తే ఏం మిగులుతుంది? అందుకే ఉప్పు చెప్పిందే నిజమని తేల్చారు. ఇన్నేళ్ళుగా వోచర్లు చూస్తున్న నాకు ఈ ఉపాయం తట్టనే లేదు!

రావుగారు కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పొందారు. కలకత్తా సంస్థలో నలభై ఏళ్ళ దాకా పనిచేసి, 1972 నుంచి 1976 దాకా దానికి డైరెక్టరుగా ఉన్నారు. మనమంతా పింఛను కాగితాలు సర్దుకునే వయసులో, అంటే 59వ ఏట, అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లో, తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కొత్తగా మొదలుపెట్టారు. 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం వచ్చాయి. 1945 నాటి ఆ వ్యాసానికే 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి దక్కింది. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో, అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట ఒక పరిశోధనా సంస్థ ఉంది.

రిటైర్మెంటు దగ్గరపడుతున్న నాకు ఆ 59వ ఏడు మాటిమాటికీ గుర్తొస్తుంటుంది. మా నేత మిత్రుడికి మాత్రం గుర్తుండిపోయింది నూనె దీపం. అమ్మాయి ఆ కోర్సులోనే చేరింది. మొన్న కనపడి నవ్వుతూ అన్నాడు:

"దీపానికేం సార్, కరెంటు ఉంది. నాలుక్కి లేపడమే కష్టంగా ఉంది. ఆ లక్ష్మీకాంతమ్మగారు పదిమంది పిల్లల్తో ఎట్లా చేసిందో!"