బొమ్మలు నవ్విన వేళ

నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని మన పెద్దల సామెత. ఏడ్చే మగవానికి జరిగిన అన్యాయమును అటుంచి, నవ్వే ఆడదానిని గూర్చి ఇచ్చట కొంత విచారింపదలచినాము. ఆడపిల్ల తొలిసారిగా లోకమును చూచి నవ్వుట ఎక్కడ నేర్చుకొనును? ఆటబొమ్మల దగ్గరనే యని మా అభిప్రాయము.

మన జలదంకి, ఉదయగిరి ప్రాంతములలో మగపిల్లవానికి బొంగరమో, గోలీలో కొనియిచ్చెదరు. అవి వానిని వీధిలోనికి పిలుచును. ఆడపిల్లకు తిరునాళ్ళలో కొనియిచ్చునవి లక్కపిడతలు. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపట్టి, లక్క పూసి చేసెడి ఆ బుల్లి పొయ్యి, తిరుగలి, బిందెలు చూడముచ్చటగా ఉండును. కాని అవి ఆ పిల్లను వంటింటిలోనే కూర్చుండబెట్టును. మాటలు సరిగా రాకమునుపే ఆమెకు పని అప్పగింపబడినదన్నమాట.

అయినను పిల్లలు గడుసువారు. హిందువుల ఇండ్లలో బొమ్మల పెళ్ళి, ముస్లిముల ఇండ్లలో గుడ్డా గుడియాల షాదీ జరుగునప్పుడు చూడవలెను. ఒక పిల్ల పెండ్లికుమారుని తల్లియై, కాఫీ చల్లారినదని అలుగును. మరియొకతె పెండ్లికుమార్తె తండ్రియై చేతులు జోడించును. చింతగింజలతో కట్నము లెక్క పెట్టుదురు. ఒక గింజ తగ్గినదని పెళ్ళి ఆగిపోవును! అందరును విరగబడి నవ్వుదురు. ఆ నవ్వు బొమ్మలను చూచి కాదు, పెద్దలను చూచి. దానిని ఉత్త అనుకరణమని త్రోసివేయరాదు, అది విమర్శ. పెద్దలైన పిమ్మట స్త్రీలు పాడుకొను వియ్యాలవారి పాటలలోను, దక్కనీ ఉర్దూలోని ఢోలక్ కే గీత్‌లలోను ఈ నవ్వే వినిపించును. ఒకటి తెలుగు, మరొకటి ఉర్దూ. వియ్యపురాలు మాత్రము రెండింటను ఒక్కతెయే.

ఇక రంగస్థలము మాట. మన తోలుబొమ్మలాటలో బంగారక్క యను హాస్యపాత్ర కలదు. మగడు జుట్టుపోలిగానిని ఆమె తెరమీదనే నిలువునా దులిపివేయును. ఆడబొమ్మలకు గొంతు నిచ్చువారు ఆ కుటుంబముల స్త్రీలే. అయినను ప్రేక్షకులకు కనిపించునది బొమ్మ. నవ్వించిన స్త్రీ తెరవెనుకనే ఉండును. తెర ముందుకు వచ్చుట వెలిగొండలకు ఆవల, కడప జిల్లా సురభిలో జరిగినది. తోలుబొమ్మలాడించు కుటుంబములవారు 1885లో అచ్చట కీచకవధ నాటకమాడిరి. వనారస గోవిందరావు నెలకొల్పిన ఆ సమాజములో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. ఇతర నాటక సమాజములలో పురుషులే స్త్రీ వేషములు కట్టుచున్న కాలమది.

పాశ్చాత్య దేశములలో నేడు కొందరు స్త్రీలు తమ చిన్ననాటి బొమ్మలనే వస్తువుగా గైకొని హాస్య క్యాబరేలు ప్రదర్శించుచున్నారు. క్యాబరే యనగానే మన సినిమాల నృత్యము తలచి ముఖము చిట్లింప నక్కరలేదు. 1881లో పారిస్ నగరమున ‘నల్ల పిల్లి’ అను పేర వెలసిన క్యాబరే పాటలకు, కవులకు, వ్యంగ్యమునకు నెలవైనది. బొమ్మలతో వ్యంగ్యమునకు ఒక ఉదాహరణము చెప్పెదము. 1992లో అమెరికాలో మాటలాడు బార్బీ బొమ్మలు కొన్ని లెక్కల పాఠము కష్టమని పలికినవి. నిరసనలు చెలరేగగా ఆ మాటను తొలగించిరి. మరుసటి ఏడు కొందరు కళాకారులు అట్టి బొమ్మలను, మాటలాడు సైనికుని బొమ్మలను కొని, లోపలి యంత్రములను తారుమారు చేసి, తిరిగి దుకాణములలో ఉంచిరి. సైనికుడు ఆడపిల్ల గొంతుతో ముచ్చటలాడినాడు. బార్బీ యుద్ధగర్జన చేసినది! ఏ మాట ఎవరి నోట పెట్టుచున్నామో తెలుపుటకు ఇంతకు మించిన ఉపన్యాసము వేరొకటి కావలెనా?

ఇది వట్టి వినోదము కాదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. చింతగింజల బేరము మాత్రము బొమ్మల పెళ్ళిని విడువలేదు. పదునెనిమిదేండ్లు నిండనిదే ఆడపిల్లకు పెళ్ళి కూడదని చట్టము చెప్పుచున్నది. అయినను బొమ్మలకు పెళ్ళి చేయవలసిన వయసులో తానే బొమ్మయై పీటల మీద కూర్చున్న పిల్లలు మన పల్లెలలో లేరని ఎవరనగలరు? అట్టి పిల్లకు మొట్టమొదట పోవునది చదువు. దానితోపాటే ఆ నవ్వును పోవును.

కళాశాల వార్షికోత్సవములలో తరచుగా మగపిల్లలు చీర కట్టి గయ్యాళి అత్తగా నవ్వింతురు. ఆడపిల్లలకు ప్రార్థనాగీతము మిగులును. ఈ పద్ధతి మారవలెనని మా కోరిక. తెలుగు, ఉర్దూ విద్యార్థినులు కలిసి తాము ఆడుకొనిన బొమ్మల పెళ్ళినే, రెండు భాషలలోను, అరగంట ప్రహసనముగా వేదికపైకి తెచ్చినచో ఎంత బాగుండును! ఖర్చు లేదు, నాలుగు లక్కపిడతలు, గుడ్డతో చేసిన ఒక గుడియా, గుప్పెడు చింతగింజలు చాలును. తల్లిదండ్రులను ముందు వరుసలో కూర్చుండబెట్టవలెనని మాత్రము మనవి.